పాటలో గొంతు రావడం లేదు, వాయిద్యాలు మాత్రమే వినిపిస్తున్నాయి (2.1 స్పీకర్లు, గుంటూరు)

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారమండీ. ఇక్కడి చర్చలు చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది గుంటూరు. ఆరేళ్ల కింద కొన్న 2.1 స్పీకర్ల సెట్టు ఉంది. ఒక ఊఫరు, రెండు చిన్న స్పీకర్లు. డెస్క్‌టాప్ వెనక పచ్చ సాకెట్లో పిన్ను పెడతాను. ఇన్నేళ్లూ చక్కగా పనిచేశాయి. పోయిన నెల అరండల్‌పేట నుంచి బ్రాడీపేటలో ఈ ఇంటికి మారాం. అప్పటి నుంచి సౌండ్ పాడైంది.

ఎలా అంటే, సినిమా పాట పెడితే వయొలిన్లు, తబలా వినిపిస్తాయి. పాడే మనిషి గొంతు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంది. కొన్ని పాటల్లో అసలు రాదు. ఊఫరులో దమ్ము లేదు. వెనకాల ఎప్పుడూ గుంయ్‌మని మోత.

అసలు బాధ ఇదీ. మా నాన్నగారు పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం వేసేవారు. 1986లో ఇంట్లోనే టేప్ రికార్డర్ ముందు కూర్చుని పద్యాలు పాడి ఒక క్యాసెట్ నింపారు. మూడేళ్ల కింద దాన్ని ఎంపీ3 చేయించాను. ఇప్పుడు ఆ ఫైలు పెడితే ఏమీ రావడం లేదు. బారు కదులుతుంది, మోత వస్తుంది, నాన్న గొంతు లేదు. అదే ఫైలు ఫోన్‌లో పెడితే వస్తోంది. వచ్చే బుధవారం కాదు, ఆ పై బుధవారం నాన్నగారి సంవత్సరీకం. బంధువులంతా వస్తారు. ఆ రోజు హాల్లో ఆ పద్యాలు వినిపించాలని అమ్మ కోరిక.

ఊళ్ళో ఒక షాపుకి సీపీయూ పట్టుకెళ్లాను. స్విచ్ కూడా వెయ్యకుండా, సౌండ్ పోయింది, బోర్డు మార్చాలి అన్నారు. ఇంకోచోట కొత్త స్పీకర్లు కొనుక్కోమన్నారు. డబ్బు సంగతి తర్వాత, అసలు పోయిందేమిటో తెలియకుండా ఏది మార్చాలండీ?

కృష్ణలంక_కుర్రాడు | ఆదివారం రాత్రి 9:31

అన్నా, ఖర్చు లేనివి ముందు చూద్దాం. విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్‌కి వెళ్లి స్పీకర్ల ప్రాపర్టీస్ తెరవండి. ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఒక ట్యాబ్ ఉంటుంది. అక్కడ అన్నీ ఆపేయండి. వాయిస్ క్యాన్సిలేషన్ లాంటిది ఎవరైనా ఆన్ చేసి ఉంటే గొంతు అలాగే పోతుంది. తర్వాత కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో డూ నథింగ్ పెట్టండి. లేకపోతే కాల్ వస్తోందని సిస్టమ్ అనుకున్నప్పుడల్లా మిగతా సౌండ్‌ని 80 శాతం తగ్గించేస్తుంది. చాలామందికి ఈ సంగతే తెలీదు, స్పీకర్లు పోయాయనుకుంటారు. బ్యాలెన్స్‌లో ఎడమ, కుడి సమానంగా ఉన్నాయో చూడండి. చివరికి డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చెయ్యండి, అదే మళ్లీ వేసుకుంటుంది.

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం రాత్రి 10:20

అన్నీ చేశాను తమ్ముడూ. ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపి ఉన్నాయి. డూ నథింగ్ పెట్టాను. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను. తేడా లేదు. మోనో ఆడియో అని ఒక స్విచ్ కనిపిస్తే అదీ ఆన్ చేశా. అప్పటిదాకా వస్తున్న వాయిద్యాలు కూడా పోయాయి! మోత ఒక్కటే మిగిలింది. భయమేసి వెంటనే ఆపేశాను.

మంగళగిరి_వైరింగ్ | సోమవారం ఉదయం 6:48

ఇల్లు మారాక మొదలైంది అంటున్నారు, గుంయ్ అంటోంది అంటున్నారు. ఆ ఇంట్లో ఎర్త్ లేదండీ. నేను పదిహేనేళ్లుగా వైరింగ్ పని చేస్తున్నాను. పాత ఇళ్లలో త్రీపిన్ సాకెట్టు బిగిస్తారు, పై రంధ్రానికి లోపల వైరే ఉండదు. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ ఊపే మీకు మోతగా వినిపిస్తోంది. ముందు ఎర్త్ చూపించండి.

గవర్నర్‌పేట_టంకం | సోమవారం ఉదయం 8:05

మంగళగిరి తమ్ముడు చెప్పింది మోతకి సరిపోవచ్చు. కానీ ఎర్త్ లేకపోతే గొంతు మాయం కాదు. ఇక్కడ రెండు జబ్బులున్నాయేమో అని నా అనుమానం. ఒక్కోటి విడదీసి చూద్దాం.

అబ్బాయ్, నేను విజయవాడలో ముప్ఫై ఏళ్లుగా రేడియోలు, ఆంప్లిఫైయర్లు బాగుచేస్తున్నాను. కొట్టుకి వచ్చిన ఏ వస్తువునీ విప్పకముందు ఒకటే చేస్తాను, నేరం ఏ వైపు ఉందో తేలుస్తాను. నువ్వు రెండు పనులు చెయ్యి. ఒకటి, స్పీకర్ పిన్ను తీసేసి అదే పచ్చ సాకెట్లో ఇయర్‌ఫోన్ పెట్టి నాన్నగారి పద్యం విను. రెండు, స్పీకర్ పిన్నుని నీ ఫోన్‌కి పెట్టి అదే పద్యం విను. ఫోన్‌కి ఆ పాత గుండ్రటి సాకెట్ లేకపోతే ఎవరిదైనా అడిగి తెచ్చుకో. రెండూ చేసి ఏం వినిపించిందో ఉన్నదున్నట్టు రాయి. ఏమై ఉంటుందో నువ్వు ఊహించకు, నీ చెవి చెప్పింది చాలు.

ఇంకోటి. మోనో ఆన్ చేస్తే అన్నీ పోయాయన్నావే, అది చాలా విలువైన మాట. మర్చిపోకు.

బ్రాడీపేట_నాలుగోలైను | సోమవారం రాత్రి 8:40

బాబాయ్ గారూ, చేశాను.

కంప్యూటర్‌కి ఇయర్‌ఫోన్ పెడితే అంతా శుభ్రంగా ఉంది. నాన్న గొంతు, హార్మోనియం, పక్కింటి కుక్క మొరగడం కూడా వినిపించింది.

స్పీకర్లని ఫోన్‌కి పెడితే అదే జబ్బు. సినిమా పాటలో గొంతు లేదు, నాన్న పద్యంలో ఏమీ లేదు. మోత కాస్త తగ్గింది, అంతే.

గవర్నర్‌పేట_టంకం | సోమవారం రాత్రి 8:52

అయితే మీ కంప్యూటర్ నిర్దోషి. సౌండ్ కార్డూ బాగుంది, బోర్డూ బాగుంది. దాని మీద పైసా పెట్టకు. జబ్బు పిన్ను దగ్గర్నుంచి స్పీకర్ దాకా ఎక్కడో ఉంది.

సత్యనారాయణపురం_శ్రోత | సోమవారం రాత్రి 9:30

ఒక అనుమానం చెప్పనా? ఇల్లు మారేటప్పుడు చిన్న స్పీకర్ల వైర్లు ఊడదీసి మళ్లీ పెట్టి ఉంటారు. ఒకదానికి ఎరుపు, నలుపు తారుమారయ్యాయేమో. అలా అయితే ఒక స్పీకర్ గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది. మధ్యలో కూర్చున్నవాడికి గొంతు చెదిరిపోయి, ఎటునుంచి వస్తోందో తెలియకుండా, బోలుగా వినిపిస్తుంది. బేస్ సగం చచ్చిపోతుంది. మా ఇంట్లో ఒకసారి ఆర్నెల్లు అలాగే విన్నాను. వైర్లు సరిచేసిన రోజు బాలమురళి గారు మళ్లీ ఎదురుగా కూర్చుని పాడినట్టైంది.

బ్రాడీపేట_నాలుగోలైను | సోమవారం రాత్రి 9:55

వైర్లు ఊడదీసిన మాట నిజమేనండీ. ఇప్పుడే చూశాను. రెండింటికీ ఎరుపు ఎరుపులోనే, నలుపు నలుపులోనే ఉంది. ఒకదానికి కావాలని తిప్పి పెట్టి చూశా, పెద్ద తేడా లేదు. మళ్లీ మామూలుగా పెట్టేశాను.

పట్టాభిపురం_మేడమ్ | సోమవారం రాత్రి 10:10

ఒక్క పరీక్ష మిగిలిందండీ. చిన్న స్పీకర్ ఒకదాని వైరు తీసేయండి. ఒక్కటే మోగేలా చేసి, చెవి దానికి ఆనించి వినండి. శ్రోత గారు చెప్పినట్టు తారుమారే అయితే, విడిగా విన్నప్పుడు ఒక్కో స్పీకర్‌లో గొంతు పూర్తిగా ఉంటుంది. రెండూ కలిసి గదిలోకి వచ్చాకే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. విడిగా విన్నా గొంతు లేకపోతే, అది స్పీకర్ దాకా రావడమే లేదన్నమాట.

బ్రాడీపేట_నాలుగోలైను | సోమవారం రాత్రి 10:31

ఒక్క స్పీకర్‌కే చెవి ఆనించి విన్నాను మేడమ్. గొంతు లేదు. పాడినవాళ్ల గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం సన్నగా, గుళ్ళో దూరంగా ఎవరో పాడుతున్నట్టు ఉంది. రెండో స్పీకర్‌లోనూ అంతే.

పట్టాభిపురం_మేడమ్ | సోమవారం రాత్రి 11:02

అయితే నాకు దాదాపు ఖాయంగా తెలిసిపోయింది. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను, ఇది వాళ్లకి చెప్పేలాగే చెబుతాను.

మీ పిన్ను మీద రెండు నల్లటి గీతలుంటాయి, అవి దాన్ని మూడు భాగాలు చేస్తాయి. కొస ఎడమ ఛానెల్. మధ్య రింగు కుడి ఛానెల్. మొదట్లో ఉన్న పొడుగు భాగం రెండింటికీ ఉమ్మడి దారి, దాన్ని కామన్ అంటారు, గ్రౌండ్ అని కూడా అంటారు. ఎడమ నుంచి వెళ్లిన కరెంటూ, కుడి నుంచి వెళ్లిన కరెంటూ ఈ కామన్‌లోంచే వెనక్కి రావాలి.

ఆ కామన్ తెగిందనుకోండి. ఎడమ నుంచి బయల్దేరిన దానికి తిరుగుదారి లేదు. ఉన్న ఒకే దారి కుడి వైరు. కుడి దానికి ఎడమ వైరు. అంటే ఇప్పుడు ఆంప్లిఫైయర్‌కి అందేది ఎడమ, కుడి మధ్య తేడా మాత్రమే. ఎడమలో 5, కుడిలో 5 ఉంటే అందేది సున్నా. ఎడమలో 5, కుడిలో 2 ఉంటే ఆ 3 ఒక్కటే రెండు స్పీకర్లూ చెరిసగం పంచుకుంటాయి.

పాటల రికార్డింగ్‌లో గాయకుడి గొంతుని సరిగ్గా మధ్యలో పెడతారు, అంటే రెండు ఛానెళ్లలో సమానంగా ఉంటుంది. అందుకే కొట్టుకుపోతోంది. ఊఫరులో మోగే బరువైన సౌండ్లనీ ఎక్కువగా మధ్యలోనే పెడతారు, మీ ఊఫరు దమ్ము అందుకే పోయింది. వయొలిన్లని ఒక పక్కకి పెడతారు, అవి మిగులుతాయి. ప్రతిధ్వని రెండు పక్కలా ఒకేలా ఉండదు, అదీ కొంత మిగులుతుంది. గుళ్ళో ఎవరో పాడుతున్నట్టుంది అన్నారే, సరిగ్గా అదే అది.

ఇక మీ నాన్నగారి క్యాసెట్. 1986లో ఇంట్లో ఒకే మైకుతో చేసిన రికార్డింగ్ కదా. అది మోనో, రెండు ఛానెళ్లలో ఉన్నది ఒక్కటే. తేడా సున్నా. అందుకే మొత్తం మాయమైంది. మోనో స్విచ్ నొక్కినప్పుడు అన్ని పాటలూ పోవడమూ ఇందుకే. గొంతు పోలేదండీ, కంప్యూటర్ దాన్ని మొదటి నుంచీ పంపుతూనే ఉంది.

ఈ కూడిక, తీసివేత పాత సంగతే. 1931లో అలన్ బ్లమ్లైన్ అనే ఇంగ్లీషు ఇంజినీరు స్టీరియోకి పేటెంట్ దరఖాస్తు పెట్టినప్పటి నుంచీ వాడుకలో ఉంది. స్టీరియో ఎఫ్ఎం రేడియో కూడా రెండు ఛానెళ్ల మొత్తాన్ని ఒకటిగా, వాటి తేడాని ఇంకొకటిగా పంపుతుంది. పాత మోనో సెట్టు మొత్తాన్ని మాత్రమే తీసుకుంటుంది కాబట్టి దానికీ కార్యక్రమం లోటు లేకుండా అందుతుంది. మీ స్పీకర్లకి అందుతున్నది ఆ రెండోది, తేడా ఒక్కటే.

గవర్నర్‌పేట_టంకం | సోమవారం రాత్రి 11:15

మేడమ్ గారూ, ముప్ఫై ఏళ్లుగా ఈ జబ్బుని చెవితో పట్టుకుంటున్నాను. ఎందుకలా అవుతుందో ఇంత విడమర్చి ఎవరూ చెప్పలేదు. దండాలమ్మా.

అబ్బాయ్, ఇల్లు మారేటప్పుడు ఆ వైరుని ఎలా సర్దారు? గుర్తుందా? ఇప్పుడే ఒక పని చెయ్యి. పద్యం పెట్టి, పిన్ను మెడ దగ్గర, అంటే ప్లాస్టిక్ అయిపోయి వైరు మొదలయ్యే చోట, రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచు. వాల్యూమ్ తగ్గించి పెట్టుకో, ఉన్నట్టుండి వస్తే అదిరిపోతారు.

బ్రాడీపేట_నాలుగోలైను | సోమవారం రాత్రి 11:38

వచ్చింది బాబాయ్ గారూ.

పిన్నుని ఎడమ పక్కకి వంచి, వైరుని లోపలికి నొక్కి పట్టుకున్నాను. మోత సగానికి సగం పడిపోయింది, ఆ మరుక్షణం నాన్న గొంతు. పద్యం మధ్యలో, రాగం తీస్తున్న చోట. వేలు వదిలితే పోయింది. మళ్లీ నొక్కితే వచ్చింది. అమ్మ పక్కగదిలో పడుకుని ఉంది, లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది. వేలు నొప్పి పుట్టేదాకా అలాగే పట్టుకుని పద్యం అయ్యేదాకా విన్నాం.

వైరు సంగతి గుర్తుంది. ఆ రోజు లారీ కింద నిలబడి హారన్ కొడుతుంటే, నేనే వైరుని ఊఫరు చుట్టూ బిగించి చుట్టి, పిన్నుని ఆ చుట్ల కిందికి దోపాను. మెడ దగ్గర మడత పడే ఉంటుంది.

సత్యనారాయణపురం_శ్రోత | మంగళవారం ఉదయం 6:20

పొద్దున్నే ఇది చదివి మనసు నిండిపోయింది బాబూ. నా ఊహ తప్పైనందుకు సంతోషంగా ఉంది.

మా తరమంతా మోనోలోనే విన్నాం. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మా ఇంట్లో ఉన్నది ఒకే స్పీకరున్న రేడియో. భక్తిరంజని దాంట్లోనే వినేవాళ్లం, ఏ లోటూ తెలిసేది కాదు. మీ నాన్నగారి పద్యాలకి కూడా స్టీరియో అక్కర్లేదు. వైరు సరిగ్గా ఉంటే చాలు.

గవర్నర్‌పేట_టంకం | మంగళవారం ఉదయం 8:30

ఇక పని. వైరు ఊఫరు డబ్బాలోకే వెళ్లిపోయి ఉందా, వెనక విడిగా ఊడొచ్చే పిన్నులున్నాయా? ఊడొచ్చేదైతే కొత్త కేబుల్ కొనుక్కో, టంకం అక్కర్లేదు.

డబ్బాలోకే వెళ్లిపోయి ఉంటే పిన్ను మార్చాలి. స్పేర్‌పార్టుల కొట్లో 3.5 ఎంఎం స్టీరియో పిన్ను అని అడుగు. ఇనుప టోపీ ఉన్నది తీసుకో, ప్లాస్టిక్‌ది వద్దు. మూడు భాగాలదే అడుగు. మైకుతో వచ్చే ఫోన్ ఇయర్‌ఫోన్లకి నాలుగు భాగాల పిన్ను ఉంటుంది, అది తెచ్చుకుంటే మళ్లీ ఇదే గోల.

రెండు ప్లగ్గులూ గోడ నుంచి పీకేశాకే పని మొదలుపెట్టు. పాత పిన్ను మెడ నుంచి రెండంగుళాలు కిందికి కోసెయ్, విరిగిన చోటు ఆ ముక్కలోనే పోతుంది. అన్నిటికంటే ముందు కొత్త పిన్ను టోపీని వైరుకి ఎక్కించు. టంకం అంతా అయ్యాక టోపీ బల్ల మీద కనిపిస్తే మళ్లీ మొదటికి రావాలి.

పై తోలు ఒలిస్తే లోపల రంగు వైర్లు రెండు, వాటి చుట్టూ రాగి పోగులు కనిపిస్తాయి. సాధారణంగా ఎరుపు కుడి, తెలుపో పచ్చో ఎడమ, పోగులు కామన్. కానీ రంగుని నమ్మకు. కోసిన పాత ముక్కలో మల్టీమీటర్ బీప్ మీద పెట్టి కొసకీ ఏ రంగుకీ కూత వస్తుందో, రింగుకీ ఏ రంగుకీ వస్తుందో చూసుకో. కామన్‌కి కూత రాకపోతే మన రోగ నిర్ధారణ ఖాయమైనట్టే.

పోగులు రాగి రంగులో కాకుండా ఎర్రగానో పచ్చగానో మెరుస్తుంటే వాటి మీద లక్క లాంటి పూత ఉందన్నమాట. పూత మీద టంకం అంటదు, బొట్టు కట్టి జారిపోతుంది. బ్లేడుతో గీకితే పోగులు తెగుతాయి. ఫ్లక్స్, అంటే టంకం బాగా అంటుకోవడానికి వాడే ముద్ద, రాసి, టంకం పెట్టే ఐరన్ కొసన టంకం బొట్టు ఉంచి, పోగుల చివర అందులో ముంచి కాసేపు ఆపు. సన్నగా పొగ వచ్చి పూత మాడిపోతుంది, పోగులు వెండిలా తెల్లబడతాయి. అప్పుడు అంటించు. 25 వాట్ల ఐరన్ చాలు. పెద్దది పెడితే పిన్ను లోపలి ప్లాస్టిక్ కరిగి మూడూ కలిసిపోతాయి.

పిన్నుకి రెండు చిన్న రెక్కలు, ఒక పొడుగు రెక్క ఉంటాయి. పొడుగు రెక్కకి కామన్. అదయ్యాక దాని చివరి కొక్కేలని వైరు తోలు మీదకి పట్టకారుతో నొక్కు. ఇకముందు వైరుని లాగితే ఆ కొక్కేలు ఆపుకుంటాయి, టంకం మీద బరువు పడదు.

భవానీపురం_ఎడిటర్ | మంగళవారం మధ్యాహ్నం 1:10

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. నా స్పీకర్లలో గొంతు బాగానే ఉంది, వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడల్లా కరకరమంటుంది. ఒక్కోసారి ఎడమ పక్క పోయి, నాబ్ కదిపితే వస్తుంది. ఇదీ వైరేనా?

గవర్నర్‌పేట_టంకం | మంగళవారం మధ్యాహ్నం 2:00

కాదు తమ్ముడూ. నాబ్ తిప్పినప్పుడే వస్తే నాబ్ లోపల దుమ్ము చేరింది. కాంటాక్ట్ క్లీనర్ అని స్ప్రే డబ్బా దొరుకుతుంది. ప్లగ్గు పీకేసి, నాబ్ పక్కనున్న సందులోకి కొద్దిగా కొట్టి, ఆ చివర నుంచి ఈ చివరకి ఇరవై సార్లు తిప్పు. పూర్తిగా ఆరాకే స్విచ్ వెయ్యి. కొబ్బరినూనె మాత్రం వెయ్యకు, నాలుగు రోజులు బాగుండి తర్వాత దుమ్ముని ఇంకా పట్టేస్తుంది. అప్పటికీ పోకపోతే నాబే మార్చాలి.

బ్రాడీపేట_నాలుగోలైను | గురువారం రాత్రి 9:05

పిన్ను మార్చాను! వైరు డబ్బాలోకే వెళ్లి ఉంది, కాబట్టి టంకమే పెట్టాల్సి వచ్చింది. మా బావమరిది ఐటీఐ చదివాడు, వాడు ఐరన్ పట్టుకుంటే నేను వైరు పట్టుకున్నాను. పాత ముక్కలో కొసకీ తెలుపుకీ కూత వచ్చింది, రింగుకీ ఎరుపుకీ వచ్చింది, కామన్‌కి రాలేదు. పాత పిన్ను రబ్బరుని బ్లేడుతో చీల్చి చూశాం. రాగి పోగులు అన్నీ మెడ దగ్గరే తెగి, చివర్లు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఒకే ఒక్క పోగు మిగిలి, వంచినప్పుడు తగులుతోంది. ఆ రాత్రి నాన్న గొంతు వచ్చింది ఆ ఒక్క పోగులోంచి.

ఇప్పుడు గొంతు నిండుగా ఉంది, ఊఫరు కొడుతోంది. కానీ మోత కొంచెం మిగిలిపోయింది. ఫోన్‌కి పెడితే మోత అసలు లేదు. కంప్యూటర్‌కి పెడితేనే ఉంది. సంవత్సరీకానికి ఇంకా ఆరు రోజులుంది. దీనికేం చెయ్యాలి?

ఇంకోటి కూడా చెప్పాలి. కేబుల్ పెడుతూ సీపీయూ వెనక రేకు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. చెప్పుల్లేకుండా ఉన్నాను.

మంగళగిరి_వైరింగ్ | గురువారం రాత్రి 9:14

అన్నా, ముందు ఆ సీపీయూ స్విచ్ ఆపి ప్లగ్గు పీకెయ్యండి. మిగతాది తర్వాత చదవండి.

కంప్యూటర్ పవర్ సప్లై లోపల ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కండెన్సర్లు రేకుకి కలిపి ఉంటాయి. కరెంటులో వచ్చే చెత్తని ఎర్త్‌లోకి పంపడానికి కంపెనీవాళ్లే పెడతారు. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, మనకి తెలియదు. ఎర్త్ లేకపోతే రేకు మధ్యలో వేలాడుతుంది, 230లో సగం, 115 వోల్టుల దాకా చూపిస్తుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ లోపల ఇంకేదైనా వైరు రేకుకి తగిలిన రోజున మిమ్మల్ని కాపాడేది ఏమీ లేదు. ఇంట్లో పెద్దావిడ ఉన్నారు, పిల్లలు వస్తారు.

మీ మోతా అదే. ఆ వేలాడే కరెంటు స్పీకర్ వైరు కామన్‌లోంచి దారి వెతుక్కుంటోంది. ఫోన్‌కి గోడతో సంబంధం లేదు, అందుకే మోత లేదు. మోత ఆపడానికి ఐసొలేటర్ అని చిన్న డబ్బా అమ్ముతారు. ఎర్త్ బాగానే ఉండి, రెండు చోట్ల ఎర్త్ కలవడం వల్ల వచ్చే మోతకి అది పనికొస్తుంది. మీకు అది పెడితే మోత పోతుంది, ప్రమాదం అలాగే ఉంటుంది. కాబట్టి వద్దు.

రేపే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మీరు స్విచ్‌బోర్డు విప్పకండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య మీటర్ పెట్టి చూడమనండి. ఎర్త్ ఉంటే 230 దగ్గర్లో చూపించాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య ఒకటీ రెండు వోల్టులకి మించి ఉండకూడదు. ఎవరైనా సాకెట్లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేసి, అయిపోయింది అంటే ఒప్పుకోవద్దు. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే మీ సీపీయూ రేకు మీద పూర్తి కరెంటు నిలబడుతుంది.

బ్రాడీపేట_నాలుగోలైను | శనివారం సాయంత్రం 5:50

ఎలక్ట్రీషియన్ వచ్చి చూశారు. మీరు రాసినట్టే ఉంది తమ్ముడూ. పెరట్లో ఎర్త్ గుంట ఉంది, మీటర్ బోర్డు దాకా వైరూ వచ్చింది. హాల్లోని బోర్డుకి మాత్రం కలపలేదు. లోపల పచ్చ వైరు చుట్ట చుట్టి వదిలేసి ఉంది. అది బిగించారు. గుంట ఎండిపోయి ఉంటే ఉప్పు, బొగ్గు వేసి నాలుగు బకెట్ల నీళ్లు పోయించారు. ఎండాకాలంలో వారానికోసారి నీళ్లు పొయ్యమన్నారు. ఇప్పుడు ఫేజుకీ ఎర్తుకీ 228 చూపిస్తోంది.

మోత పోయింది. వాల్యూమ్ పూర్తిగా పెంచి, ఏ పాటా పెట్టకుండా చెవి ఆనిస్తే సన్నగా సుయ్ అంటోంది, అంతే. ఇంటివాళ్లకి చెప్పి మిగతా గదుల బోర్డులు కూడా చూపిస్తున్నాం.

కృష్ణలంక_కుర్రాడు | శనివారం సాయంత్రం 6:15

చాలా సంతోషం అన్నా. ఆ సుయ్ ప్రతి ఆంప్లిఫైయర్‌లో ఉంటుంది, పట్టించుకోకండి. ఆ రోజు విండోస్‌లో వాల్యూమ్ 80, 90 దగ్గర ఉంచి, హాలుకి కావాల్సినంత స్పీకర్ నాబ్‌తో పెంచుకోండి. నోటిఫికేషన్ సౌండ్లు ఆపెయ్యండి, పద్యం మధ్యలో టింగ్ మనకూడదు.

బ్రాడీపేట_నాలుగోలైను | ఆదివారం ఉదయం 10:25

ఒక్క చివరి అనుమానం. ఇప్పుడు క్యాసెట్ మొత్తం స్పీకర్లలో విన్నాను. ఆఖరి పద్యం పూర్తి కాదు. సగంలో నాన్న గొంతు ఉన్నట్టుండి సన్నబడి, కీచుమని పైకి పోయి ఆగిపోతుంది. ఒక్క సెకను కూడా ఉండదు. ఇయర్‌ఫోన్‌లోనూ అంతే. ఫైలు పాడైందా? బాగుచెయ్యడానికి వీలుంటుందా?

గవర్నర్‌పేట_టంకం | ఆదివారం ఉదయం 11:00

ఫైలు పాడవలేదు అబ్బాయ్. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. రికార్డ్ అవుతుండగా మోటారు నీరసించిపోతే అంత గొంతూ తక్కువ టేపులో ఇరుక్కుంటుంది. తర్వాత మామూలు వేగంలో వింటే అది త్వరత్వరగా, సన్నగా, కీచుమని వస్తుంది. వినేటప్పుడు మోటారు నీరసిస్తే బొంగురుగా సాగుతుంది, ఇది దానికి తిరగేసి. కాబట్టి ఇది పాడుతున్నప్పుడే జరిగింది. ఆ టేప్ రికార్డర్ సెల్లుల మీద నడిచిందా, కరెంటు మీదా? కరెంటు మీద అయితే సరిగ్గా ఆ క్షణాన కరెంటు పోయింది. దాన్ని కత్తిరించకు, సవరించకు.

బ్రాడీపేట_నాలుగోలైను | గురువారం రాత్రి 10:47

నిన్న సంవత్సరీకం అయింది. భోజనాలయ్యాక హాల్లో ముప్ఫై మంది దాకా కూర్చున్నారు. నాన్నతో అర్జునుడి వేషం వేసిన పెద్దాయన తెనాలి నుంచి వచ్చారు, స్పీకర్‌కి దగ్గరగా కుర్చీ వేయించుకున్నారు. నాన్న పద్యం ఎత్తుకునే ముందు చిన్నగా గొంతు సవరించుకోవడం కూడా గది చివరిదాకా వినిపించింది. ఆయన ప్రతి పద్యానికీ తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నారు.

ఆఖరి పద్యం వచ్చింది. గొంతు కీచుమని ఆగిపోయింది. పిల్లలు స్పీకర్ పోయిందనుకుని నా వైపు చూశారు. అమ్మ, తల కూడా ఎత్తకుండా, ఆకుల్లో సున్నం రాసుకుంటూ అంది: "పోలేదురా. ఆ రోజు కరెంటు పోయింది. నేనే లాంతరు వెలిగించాను. మిగతా పద్యం చీకట్లోనే పాడారు."